నెలకు లక్షా డెబ్బై వేలు... వద్దే వద్దన్నారు!

పనిచేసినా చేయకపోయినా, కోటీశ్వరుడైనా కూలీ అయినా... ప్రతి నెలా ప్రభుత్వమే ఇంటిల్లిపాదికీ డబ్బులిస్తే? ‘ఎవరు వద్దంటారు?’ అనుకుంటాం. స్విట్జర్లాండ్ ప్రజలు వద్దన్నారు. 2016 జూన్ 5న బ్యాలెట్ పత్రం మీద రాసి మరీ చెప్పారు. డబ్బు వాళ్లకు చేదా? కాదు. అసలు కథ వేరే ఉంది.

స్విట్జర్లాండ్ రాజధాని బెర్న్‌లో పార్లమెంటు భవనం ముందు రాళ్లు పరిచిన పెద్ద ఆవరణ ఉంటుంది. 2013 అక్టోబరు 4న ఓ లారీ వచ్చి అక్కడ ఆగింది. వెనక తొట్టి మెల్లగా పైకి లేచింది. కళ్లంలో ధాన్యం గుమ్మరించినట్టు బంగారు రంగు నాణాలు గలగలా జారిపడ్డాయి. ఒకటా రెండా... ఎనభై లక్షల నాణాలు! బరువు దాదాపు 15 టన్నులు. కొందరు పారలు పట్టుకుని వాటిని ఆవరణంతా నెరిపారు. పిల్లలు వాటి మీద దొర్లారు. ఫొటోగ్రాఫర్లకు పండగే పండగ.

అవన్నీ ఐదు రాపెన్ల నాణాలు. రాపెన్ అంటే మన పైసా లాంటిది. వంద రాపెన్లు ఒక స్విస్ ఫ్రాంకు. అంటే ఆ గుట్ట మొత్తం విలువ 4 లక్షల ఫ్రాంకులు. అప్పట్లో ఆ దేశ జనాభా సుమారు 80 లక్షలు. తలకో నాణెం అన్నమాట. ‘ఈ దేశంలో పుట్టిన ప్రతి ఒక్కరికీ, ఇక్కడ బతుకుతున్న ప్రతి ఒక్కరికీ దేశ సంపదలో వాటా ఉంది’ అని చెప్పడానికే ఆ హడావుడంతా. అదే రోజు లక్షా ఇరవై ఆరు వేల పైచిలుకు సంతకాల కట్టలను ప్రభుత్వానికి అప్పగించారు. వాళ్ల కోరిక ఒక్కటే... ప్రతి మనిషికీ ఏ షరతూ లేకుండా నెలనెలా కనీస ఆదాయం ఇవ్వాలి. ఆ మాట రాజ్యాంగంలో రాయాలి.

స్విట్జర్లాండ్ అనగానే మనకు మంచుకొండల మీద డ్యూయెట్లే గుర్తొస్తాయి. ఆ కొండల వెనక ఇంకో విడ్డూరం ఉంది. అక్కడ చట్టాలు చేసేది ఎంపీలొక్కరే కాదు. పద్దెనిమిది నెలల్లో లక్ష మంది ఓటర్ల సంతకాలు సేకరిస్తే చాలు, ఎవరైనా సరే రాజ్యాంగాన్ని మార్చమని దేశం మొత్తాన్నీ ఓటు అడగొచ్చు. ఆ ప్రతిపాదన ప్రభుత్వానికి నచ్చకపోయినా, పార్లమెంటు మూకుమ్మడిగా కాదన్నా ఆపడానికి లేదు. ఓటింగు జరిగి తీరాల్సిందే. నెగ్గాలంటే మాత్రం దేశంలో ఎక్కువమంది ఓటర్లు ఔననాలి. కాంటన్లలోనూ ఎక్కువ ఔననాలి. కాంటన్లంటే మన రాష్ట్రాల్లాంటివి. అవి మొత్తం 26.

ఏడాదికి మూడు నాలుగు సార్లు ఇలా ఓటేస్తారు. ఓటింగుకు కొన్ని వారాల ముందే ఇంటికి ఓ కవరొస్తుంది. అందులో బ్యాలెట్ పత్రంతో పాటు ఓ చిన్న పుస్తకం. ప్రతిపాదన ఏమిటి, అడిగినవాళ్లు ఏమంటున్నారు, ప్రభుత్వం ఏమంటోంది... అన్నీ అందులో ఉంటాయి. వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదువుకుని, టిక్కు పెట్టి, తిరిగి పోస్టులో వేసేస్తారు. ఎక్కువమంది ఓటేసేది అలాగే. మనకు ఎన్నికల్లో పథకాలన్నీ ఒకే మూటలో వస్తాయి. బియ్యం కావాలంటే పార్టీకి వేయాలి, పింఛను కావాలన్నా పార్టీకే వేయాలి. వాళ్లకు అలా కాదు. ఒక్కో ప్రశ్నకూ ఒక్కో జవాబు. 2016 జూన్ 5న వాళ్ల ముందున్న జాతీయ ప్రశ్నలు ఐదు. శరణార్థుల చట్టం, పిండ పరీక్షల చట్టం, రోడ్లకు నిధులు, ప్రభుత్వ రంగ సేవలు... ఐదోది ఈ ‘ఊరికే జీతం’.

కాఫీ హోటల్లో మొదలు

దీని వెనకున్నవాళ్లు విప్లవకారులేం కాదు. ముఖ్యుడు డానియెల్ హేనీ. బాసెల్ నగరంలో ఓ కాఫీ హోటల్ యజమాని. ఆ హోటల్ ఉన్నది ఒకప్పటి బ్యాంకు భవనంలో. అక్కడ ఇంకో విశేషం ఏమిటంటే... లోపలికెళ్లి ఏమీ కొనకుండా ఎంతసేపైనా కూర్చోవచ్చు. ‘ఏం కావాలి సార్?’ అని ఎవరూ నిలదీయరు. ఒక్క చాయ్‌తో పూటంతా గడిపే ఇరానీ హోటళ్లు మనకు తెలుసు గానీ, ఆ ఒక్క చాయ్ కూడా అడగని హోటల్ అరుదే. అయినా జనం కొంటారు, హోటల్ నడుస్తుంది. మనిషిని నమ్మితే చెడిపోడన్న ఆయన సిద్ధాంతానికి ఆ హోటలే ప్రయోగశాల అనుకోవచ్చు.

ఆయనకు తోడు ఎన్నో ష్మిట్ అనే జర్మన్ చిత్రకారుడు. ఇద్దరూ కలిసి 2008లో కనీస ఆదాయం మీద ఓ డాక్యుమెంటరీ తీశారు. మూడో మనిషి ఓస్వాల్డ్ జిగ్. ఈయనైతే ఒకప్పుడు స్విస్ ప్రభుత్వానికే అధికార ప్రతినిధిగా, వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన పెద్దమనిషి. ప్రభుత్వం ఎలా మాట్లాడుతుందో, ఏం మాట్లాడితే జనం వింటారో బాగా తెలిసినవాడు. ఇలా హోటల్ యజమాని, చిత్రకారుడు, రిటైరైన అధికారి, ఇంకొందరు కుర్రాళ్లు కలిసి 2012 ఏప్రిల్‌లో సంతకాలకు బయల్దేరారు.

వాళ్లు రాసిన ప్రతిపాదన మూడే మూడు వాక్యాలు. దేశం షరతుల్లేని కనీస ఆదాయాన్ని అమలు చేయాలి. దానితో ప్రజలందరూ గౌరవంగా బతకగలగాలి, సమాజ జీవితంలో పాలుపంచుకోగలగాలి. డబ్బు ఎక్కణ్నుంచి తేవాలో, ఎంత ఇవ్వాలో చట్టం నిర్ణయిస్తుంది. అంతే!

ఎంత అన్నది ప్రతిపాదనలో లేనేలేదు. పెద్దలకు నెలకు 2,500 ఫ్రాంకులు, పిల్లలకు 625 అయితే బాగుంటుందని ఉద్యమకారులు బయట చెప్పిన మాట. అప్పటి లెక్కలో మన రూపాయల్లో సుమారు లక్షా డెబ్బై వేలు. ఆ అంకె చూడగానే ప్రపంచ పత్రికలన్నీ గంతులేశాయి. ‘స్విట్జర్లాండ్‌లో ఊరికే లక్షలు’ అంటూ శీర్షికలు పెట్టేశాయి. కానీ స్విట్జర్లాండ్‌లో ఆ డబ్బుతో భోగాలేమీ అనుభవించలేరు. ఒంటరి మనిషికి అక్కడి దారిద్య్రరేఖే అప్పట్లో సుమారు 2,200 ఫ్రాంకులు. ఇంటి అద్దె, తప్పనిసరి ఆరోగ్య బీమా కట్టేసరికి చేతిలో మిగిలేది కొంచెమే.

ఎవరికి మిగిలేది?

ఇక్కడ కాస్త లెక్క చూడాలి. చాలామంది పొరబడింది ఇక్కడే. నెలకు 7,000 ఫ్రాంకుల జీతగాడికి ఇంకో 2,500 అదనంగా వచ్చి 9,500 అవుతుందనుకున్నారు. అలా కాదు. ప్రభుత్వం ముందుపెట్టిన నమూనా ప్రకారం ఆ జీతంలోంచి 2,500 ముందే కోసుకుంటారు. దాన్నే కనీస ఆదాయం పేరుతో తిరిగి ఇస్తారు. చివరికి అతని చేతికొచ్చేది అదే 7,000. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకోవడం!

మరి లాభపడేదెవరు? అదే జీతగాడికి ఇంట్లో ఉండే భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారనుకుందాం. భార్యకు 2,500, పిల్లలకు 1,250 వస్తాయి. ఇంటి ఆదాయం 7,000 నుంచి 10,750కి పెరుగుతుంది. విద్యార్థి, ఇంకా బొమ్మలు అమ్ముడుపోని చిత్రకారుడు, అమ్మను చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన కూతురు... వీళ్లే అసలు లబ్ధిదారులు. ఇప్పటిదాకా ఎవరూ జీతమివ్వని మనుషులు.

అదే నమూనాలో ఇంకో మెలిక ఉంది. పార్ట్‌టైమ్ పనిచేసి నెలకు 2,000 సంపాదించే మనిషి సంగతేమిటి? ఆ రెండు వేలూ ప్రభుత్వం తీసేసుకుంటుంది. 2,500 ఇస్తుంది. పని మానేసినా వచ్చేది 2,500 ఫ్రాంకులే. ఇక పొద్దున్నే లేచి మంచులో నడిచి వెళ్లి దుకాణం తుడవడం ఎందుకు? ప్రభుత్వం పట్టుకుంది ఈ ప్రశ్ననే. ‘అది మీ లెక్క, మాది కాదు. తక్కువ సంపాదించేవాళ్లకు ఇంకోలా చేయొచ్చు’ అన్నారు ఉద్యమకారులు. కానీ ప్రతిపాదనలో అంకెలు రాయకపోవడం వల్ల, అంకెలు వేసే అవకాశం ఎదుటివాళ్లకే దక్కింది. కాగితం ఖాళీగా వదిలేస్తే ఎవరికి తోచింది వాళ్లు రాసుకుంటారు కదా.

ప్రభుత్వం వేసిన లెక్క ఇదీ: ఏడాదికి మొత్తం ఖర్చు 20,800 కోట్ల ఫ్రాంకులు. అందులో 12,800 కోట్లు జీతాల్లోంచి కోసుకునేది. 5,500 కోట్లు ఇప్పుడిస్తున్న పింఛన్లు, భృతుల స్థానంలో సర్దుబాటయ్యేది. ఇంకా 2,500 కోట్లు లోటు. దాన్ని పూడ్చాలంటే ఖర్చులు కోయాలి, లేదంటే విలువ ఆధారిత పన్నును ఇంకో 8 పాయింట్లు పెంచాలి. అప్పటికి ఆ పన్ను 8 శాతమే ఉంది. అంటే రెట్టింపు చేయాలన్నమాట. మొత్తం ఖర్చు అప్పటి కేంద్ర బడ్జెట్‌కు మూడింతలు. ఆ అంకెలు చూసి పార్లమెంటు తలుపు మూసేసింది. దిగువ సభలో వ్యతిరేకంగా 157, అనుకూలంగా 19. ఎగువ సభలో 40 మంది వద్దంటే ఔనన్నది ఒక్కరు!

విచిత్రమేమిటంటే ప్రభుత్వం తరఫున ‘వద్దు’ అని ప్రచారం చేసిన మంత్రి అలైన్ బెర్సె వామపక్షం మనిషి. సోషల్ డెమోక్రాటిక్ పార్టీ నాయకుడు. సామాజిక భద్రత చూసే శాఖ ఆయనదే. ఉన్న భద్రతా వ్యవస్థ బాగానే నడుస్తోంది, దాన్ని విప్పి మళ్లీ కుట్టబోతే మొత్తం చిరిగిపోతుందన్నది ఆయన వాదన సారాంశం. వికలాంగుడికి, జబ్బుపడ్డవాడికి 2,500 సరిపోదు. వాళ్లకు ఎక్కువ కావాలి. అందరికీ ఒకేలా ఇస్తామన్న పేరుతో రేపు ఏ ప్రభుత్వమైనా ఆ ఎక్కువను కోసేస్తే? కార్మిక పక్షంలో చాలామందిని భయపెట్టింది ఇదే. పెద్ద పార్టీల్లో గ్రీన్ పార్టీ ఒక్కటే ఔనంది.

మితవాదులది ఇంకో భయం. స్విస్ పీపుల్స్ పార్టీ ఎంపీ లూజీ స్టామ్ వాదన ఏమిటంటే... స్విట్జర్లాండ్ ఓ దీవి అయితే ఆలోచించొచ్చు, సరిహద్దులు తెరిచి ఉన్న దేశంలో ఇలాంటిది పెడితే ప్రపంచమంతా వచ్చి వాలుతుంది అని. దేశ జనాభాలో నాలుగో వంతు విదేశీయులే. జాతీయ ఓటింగులో వాళ్లకు ఓటు లేదు. మరి వాళ్లకు ఆదాయం ఇస్తారా, ఇవ్వరా? దానికీ ప్రతిపాదనలో జవాబు లేదు. చట్టం చూసుకుంటుందన్నారు.

రెండెకరాల ప్రశ్న

ఓటింగు దగ్గరపడేకొద్దీ ఉద్యమకారులు మరింత రెచ్చిపోయారు. ఏప్రిల్ చివర్లో జూరిచ్ వీధుల్లో రోబోల ఊరేగింపు తీశారు. అట్టపెట్టెలతో చేసిన రోబో వేషాలు తగిలించుకుని, ‘మీ పనులు మేం చేస్తాం. మీరు మీకు నచ్చింది చేసుకోండి’ అంటూ గంతులేశారు. మే 14న జెనీవాలోని ప్లెన్‌పాలె మైదానంలో ఓ పోస్టరు పరిచారు. ‘మీ ఆదాయానికి లోటు లేదంటే మీరేం చేస్తారు?’ అన్నదే అందులో ఉన్న ప్రశ్న. నల్లటి గుడ్డ మీద బంగారు రంగు అక్షరాలు. విస్తీర్ణం ఎనిమిది వేల చదరపు మీటర్లకు పైనే. మన లెక్కలో రెండెకరాలు! ప్రపంచంలోనే అతి పెద్ద పోస్టరుగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. గ్రీసు మాజీ ఆర్థికమంత్రి యానిస్ వరూఫాకిస్ లాంటివాళ్లు వచ్చి మద్దతుగా మాట్లాడారు.

రోబోల వాదన వినడానికి బాగుంది. కానీ స్విట్జర్లాండ్‌లో అప్పట్లో నిరుద్యోగం మూడు నాలుగు శాతమే. ఉద్యోగాలు పోతాయన్న భయం ఓటరుకు పొలిమేరల్లో కూడా కనిపించడం లేదు. నిజానికి బలమైన వాదన ఇంకోటి ఉంది. అది ఇల్లాలి పని. అక్కడి గణాంక శాఖ లెక్క ప్రకారం 2016లో స్విస్ జనం జీతం లేకుండా చేసిన పని 920 కోట్ల గంటలు. వంట, ఇల్లు ఊడ్చడం, పిల్లల్ని సాకడం, ముసలివాళ్లను చూసుకోవడం, ఊరి సంఘాల్లో సేవ. జీతానికి చేసిన పని? 790 కోట్ల గంటలే. దేశాన్ని నడిపే పనిలో సగానికి పైగా జీతం లేని పనే అన్నమాట. ‘ఊరికే తిని కూర్చుంటారు’ అని భయపడేవాళ్లు ముందు ఇప్పుడు ఊరికే చేస్తున్నదెవరో లెక్కపెట్టండి అన్నారు సమర్థకులు.

సరిగ్గా దీన్నే ప్రభుత్వం తిప్పికొట్టింది. ఆడవాళ్ల జీతాలు తక్కువ, పార్ట్‌టైమ్ పనులు ఎక్కువ. కనీస ఆదాయం వస్తే ముందుగా ఉద్యోగం మానేది వాళ్లే. మళ్లీ వంటింటికే చేరతారు అంది. స్త్రీవాదుల్లోనూ ఈ విషయంలో రెండు మాటలున్నాయి. ఇంటి పనికి విలువ కట్టినట్టా, ఇంటికే కట్టేసినట్టా? స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు హక్కు వచ్చిందే 1971లో. అదీ మగవాళ్లంతా ఓటేసి ఒప్పుకున్నాక! అందుకని ఈ అనుమానాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

నేను చేస్తా... వాడే చేయడు

ఓటింగుకు కొన్ని నెలల ముందు ఉద్యమకారులు ఓ సర్వే చేయించారు. ‘కనీస ఆదాయం వస్తే మీరు పని మానేస్తారా?’ అని అడిగితే తప్పకుండా మానేస్తామన్నవాళ్లు రెండు శాతం. పరిస్థితిని బట్టి ఆలోచిస్తామన్నవాళ్లు ఇంకో ఎనిమిది శాతం. మిగతావాళ్లు? కాస్త చదువుకుంటాం, పిల్లలతో గడుపుతాం, సొంతంగా ఏదైనా పెట్టుకుంటాం... పని మాత్రం మానం అన్నారు. మరి ఇతరులు మానేస్తారా అంటే మాత్రం మూడో వంతు మంది ‘మానేస్తారు’ అనేశారు!

మొత్తం చర్చలో ఇంతకంటే గట్టి అంకె ఇంకోటి లేదు. ఎవరికి వాళ్లే కష్టజీవులు. పక్కింటివాడే సోమరి. 20,800 కోట్ల లెక్క ఎంతమందికి అర్థమైందో గానీ, ‘నేను పొద్దున్నే లేచి పనికెళ్తుంటే వాడు దుప్పటి కప్పుకుని పడుకుంటాడా? వాడికి నా పన్నా?’ అన్న ప్రశ్న మాత్రం అందరికీ అర్థమైంది. మన రచ్చబండ దగ్గరైనా వినిపించేది అదే కదా.

స్విస్ ఓటరు గురించి ఇంకో మాట చెప్పాలి. 2012లో అందరికీ ఏటా ఆరు వారాల సెలవు ఇవ్వాలన్న ప్రతిపాదన వస్తే మూడింట రెండు వంతుల మంది తిప్పికొట్టారు. సెలవు వద్దని ఓటేసిన జనం! 2014లో గంటకు 22 ఫ్రాంకుల కనీస వేతనం అంటే 76 శాతం వద్దన్నారు. అలాంటి ఊళ్లో ‘పనిచేయకపోయినా జీతం’ అని అడగడమంటే సాహసమే.

2016 జూన్ 5 మధ్యాహ్నానికే ఫలితం తేలిపోయింది. వద్దన్నవాళ్లు 76.9 శాతం. ఔనన్నవాళ్లు 23.1 శాతం. ఓటేసిందే దాదాపు 47 శాతం మంది. 26 కాంటన్లలో ఒక్కటీ ఔననలేదు. హేనీ గారి బాసెల్ నగరంలో అత్యధికంగా 36 శాతం అనుకూల ఓట్లు వచ్చాయి. తర్వాత జూరా.

ఓడినవాళ్లు ఏడవాలి కదా? అదేం లేదు. బాసెల్‌లో, బెర్న్‌లో నవ్వుకుంటూనే మాట్లాడారు. పార్లమెంటులో పదో వంతు మద్దతు కూడా దొరకని మాటకు ఐదు లక్షల అరవై ఎనిమిది వేల మంది ఓటేశారంటే మాటలా అన్నారు. ఇది ఓడినవాళ్లు చెప్పుకునే ఊరడింపే కావచ్చు గానీ, స్విస్ చరిత్ర వాళ్ల వైపే ఉంది. వృద్ధాప్య పింఛన్ల చట్టం 1931లో ఓటుకొస్తే 60 శాతం వద్దన్నారు. పదహారేళ్ల తర్వాత 1947లో అదే జనంలో 80 శాతం ఔనన్నారు. ప్రసూతి సెలవుల భృతి ఇవ్వాలని 1945లోనే రాజ్యాంగంలో రాసుకుని, ఓటు తర్వాత ఓటు ఓడిపోతూ 2004లో గానీ నెగ్గించుకోలేకపోయారు. ఆ దేశంలో గడియారాలే వేగం. నిర్ణయాలు కాదు.

ఇక్కడి సంగతి

స్విస్ ఓటింగు ముగిసిన ఎనిమిది నెలలకు ఇదే ప్రశ్న ఢిల్లీలో వినిపించింది. 2017 జనవరి 31న విడుదలైన ఆర్థిక సర్వేలో అప్పటి ప్రధాన ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ సార్వత్రిక కనీస ఆదాయం మీద ఓ అధ్యాయమే రాయించారు. తలకు ఏడాదికి 7,620 రూపాయలు. జనాభాలో 75 శాతానికి ఇచ్చినా స్థూల దేశీయోత్పత్తిలో 4.9 శాతం ఖర్చు. ఆ అధ్యాయాన్ని గాంధీజీతో సంభాషణలా నడిపారు. ప్రతి కంటిలోంచీ కన్నీరు తుడవాలన్న మహాత్ముడే ఒంట్లో సత్తువ ఉన్నవాడికి పనిచేయకుండా అన్నం పెట్టడాన్ని ఒప్పుకోలేదు మరి. బెర్న్‌లో జరిగిన వాదనే ఒక్క మనిషి మనసులో జరిగిందన్నమాట.

మనదగ్గర ప్రయోగమూ జరిగింది. 2011-12 ప్రాంతంలో మధ్యప్రదేశ్ పల్లెల్లో ‘సేవా’ సంస్థ యునిసెఫ్ సాయంతో వేల మందికి నెలకు తలా రెండు వందల రూపాయలు, పిల్లలకు వంద ఇచ్చింది. తర్వాత దాన్ని మూడు వందలకు, నూట యాభైకి పెంచింది. జనం సోమరులవలేదు. కూలిపని తగ్గించుకుని సొంత చేలో ఎక్కువ పనిచేశారని, పిల్లలు బడికి ఎక్కువగా వెళ్లారని తేలింది. అయితే మూడు వందల రూపాయలతో ఎవరూ పని మానలేరన్నదీ నిజమే.

2018 మేలో తెలంగాణలో రైతుబంధు వచ్చింది. పంటకు ఎకరానికి 4,000 చొప్పున ఏడాదికి 8,000. ఇది కనీస ఆదాయం కాదు, మనిషిని చూసి కాక భూమిని చూసి ఇచ్చేది. అయినా వాదన మాత్రం అచ్చం స్విట్జర్లాండ్‌దే. వంద ఎకరాల ఆసామికీ ఇవ్వడమేంటి? దున్నే కౌలురైతుకు ఇవ్వకపోవడమేంటి? ఆ మొదటి ప్రశ్న అక్కడా పదే పదే వచ్చింది. ‘బ్యాంకు ఛైర్మన్‌కూ ఇస్తారా?’ అని. ఇస్తాం, పన్ను రూపంలో తీసుకుంటాం అన్నది వాళ్ల జవాబు. మనదగ్గర ఆ రెండో సగం లేదు. వ్యవసాయ ఆదాయం మీద పన్నే లేదు కదా!

మళ్లీ మళ్లీ అదే జవాబు

ఓడిన తర్వాత స్విస్ ఉద్యమకారులు దారి మార్చారు. దేశమంతా వద్దు, ఒక్క ఊళ్లో చేసి చూపిద్దాం అనుకున్నారు. జర్మనీ సరిహద్దులో రైన్ నది ఒడ్డున రైనావ్ అనే చిన్న ఊరు ఉంది. జనాభా 1,300. రెబెకా పానియన్ అనే సినిమా దర్శకురాలు ఆ ఊరికి ఏడాది పాటు కనీస ఆదాయం ఇచ్చి, ఏం జరుగుతుందో సినిమా తీస్తానంది. ఊళ్లో సగానికి పైగా జనం పేర్లు ఇచ్చారు. డబ్బు మాత్రం చందాలతో పోగు కావాలి. 60 లక్షల ఫ్రాంకులకు పైగా కావాల్సి ఉండగా 2018 చివరికి వచ్చింది అందులో కొసరంత. పథకం అక్కడే ఆగిపోయింది. పుచ్చుకోవడానికి ఊరంతా సిద్ధమే గానీ, ఇచ్చేవాళ్లు లేకపోయారు.

2022 సెప్టెంబరులో జూరిచ్ నగరం ఓటేసింది. మూడేళ్ల పాటు కొన్ని వందల మందికి ఇచ్చి చూద్దామన్న ప్రయోగానికే ఆ ఓటు. అదీ ఓడింది. కానీ ఈసారి వద్దన్నది దాదాపు 54 శాతమే. 2025 అక్టోబరు 12న జర్మనీలోని హాంబర్గ్ ఇలాంటి ప్రయోగం మీదే ఓటేసింది. రెండు వేల మందికి, మూడేళ్లు. అక్కడా 60 శాతానికి పైగా వద్దన్నారు. అదే రోజు వాతావరణ లక్ష్యాలను కఠినం చేయాలన్న ఇంకో ప్రతిపాదనను మాత్రం నెగ్గించారు. అంటే మార్పుకే వ్యతిరేకులని అనడానికీ లేదు.

పోనీ, స్విస్ జనానికి ప్రభుత్వం డబ్బిస్తే గిట్టదా అంటే... 2024 మార్చి 3 నాటి ఓటు చూడాలి. వృద్ధాప్య పింఛను ఏడాదికి పన్నెండు నెలలు కాదు, పదమూడు నెలలు ఇవ్వాలన్నది ఆనాటి ప్రశ్న. ప్రభుత్వం వద్దంది. పార్లమెంటు వద్దంది. వ్యాపార సంఘాలు ఖజానా ఖాళీ అంటూ గగ్గోలు పెట్టాయి. ఈ పదమూడో పింఛను కూడా కోటీశ్వరులకూ వస్తుంది, పేదలకూ వస్తుంది. దీనికి డబ్బు ఎక్కణ్నుంచి తేవాలో కూడా ప్రతిపాదనలో లేదు. 2016లో ‘వద్దు’ అనడానికి చెప్పిన కారణాలు చాలావరకు ఇక్కడా ఉన్నాయి. అయినా 58 శాతం మంది ఔనన్నారు!

తేడా ఒక్కటే. ఈ పింఛను తీసుకునేవాళ్లు ‘జీవితమంతా పనిచేసి చందా కట్టినవాళ్లు’. అది కష్టార్జితం అన్న ముద్ర పడింది. కనీస ఆదాయానికి ఆ ముద్ర పడలేదు. ఇల్లు ఊడ్చి, పిల్లల్ని పెంచి, అత్తామామలకు మందులిచ్చిన ఆ 920 కోట్ల గంటలు కష్టార్జితం కింద జమ కాలేదు. నాణాల గుట్ట పోసినా, రెండెకరాల పోస్టరు పరిచినా హేనీ బృందం ఆ ఒక్క జమ వేయించలేకపోయింది.

పదమూడో నెల పింఛనును 2026 డిసెంబరు నుంచి చెల్లించాలని నిర్ణయించారు. ఓటేశాక కూడా దానికి డబ్బు జీతాల్లోంచి కోయాలా, విలువ ఆధారిత పన్ను పెంచాలా అన్న వాదన పార్లమెంటులో నెలల తరబడి నడిచింది.